నేలవేము: దగ్గు జ్వరములకు మందుగా దీనిని ఎంతవరకు నమ్మవచ్చును?

వ్రాసినది: ఒక మండల వ్యవసాయాధికారి, బి.యస్‌సి. (వ్యవసాయము)

నేలవేము నెరుగని పల్లె తెలుగు నేలపై అరుదు. గట్ల వెంట, తోటల నీడలో, చెరువు కట్టల దాపున తనంతట తాను మొలచి మోకాలి యెత్తున పెరుగు ఈ మొక్కను మీలో చాలమంది చిన్ననాటనే రుచి చూచియుందురు. జ్వరము వచ్చిన దినమున మా అమ్మమ్మ ముక్కు మూసి పోసిన కషాయము నాకు నేటికిని జ్ఞాపకమున్నది. నాలుగు పలకల కాండము, ఎదురెదురుగా వచ్చు కొనదేలిన ఆకులు, చిన్న తెల్లని పువ్వులపై ఊదారంగు మచ్చలు దీని గుర్తులు. అన్నిటికంటె పెద్ద గుర్తు చేదు. వేపాకు నమలినవాడు కూడ దీనిని నమిలి ముఖము చిట్లించును. వృక్షశాస్త్రజ్ఞులు దీనిని ఆండ్రోగ్రాఫిస్ పానిక్యులేటా అందురు. ఇది మన అడ్డసరపు కుటుంబములోనిదే. హిందీవారికి ఇది కాల్మేఘ్, తమిళులకు నిలవేంబు, థాయిలాండువారికి ఫా తలాయ్ జోన్.

2020వ సంవత్సరము మొదలుకొని ఈ మొక్కను గూర్చి రైతులు నా కార్యాలయమునకు వచ్చి రెండు ప్రశ్నలు అడుగుచున్నారు. "అయ్యా, ఇది కరోనా వంటి జబ్బులకు పని చేయునా?" అనునది మొదటిది. "ఎకరము వేసిన కొనువారున్నారా?" అనునది రెండవది. మొదటిది వైద్యుల నడుగవలసిన ప్రశ్న, రెండవది మాత్రమే నాకు సంబంధించినదని మొదట అనుకొంటిని. తరువాత తెలిసివచ్చినదేమనగా, రెండును ఒకదానితో నొకటి ముడిపడి యున్నవి. ఆకులో మందు ఎంత గలదో తెలియక అది పని చేయునో లేదో చెప్పలేము. ఆకులో మందు ఎంత గలదనుట చేనిలోనే, కొడవలి పట్టిన దినముననే, తేలిపోవును.

ఆకులోని చేదు

నేలవేము చేదునకు కారణమైన ముఖ్య పదార్థమును ఆండ్రోగ్రాఫోలైడు అందురు. గోర్టర్ అను శాస్త్రజ్ఞుడు 1911లో దీనిని వేరుచేసి, ఇది యెట్టి పదార్థమో తేల్చెను. శుద్ధి చేసినప్పుడు ఇది రంగులేని స్ఫటికముల రూపమున నుండును. నీటిలో బహు కొద్దిగా కరగును, సారాయములో బాగుగా కరగును. ఈ ఒక్క గుణమును గుర్తుంచుకొనుడు, ముందు దీనితో పని యున్నది.

ఈ పదార్థము ఆకులో ఎక్కువ, కాండములో చాల తక్కువ. మొక్క పూతకు వచ్చు సమయమున ఎండుటాకులో ఇది నూటికి రెండు పాళ్లకు పైగా నుండవచ్చును. పూత ముగిసి కాయ ముదురుకొలది ఆకులో ఇది తగ్గును, ఆకు కూడ రాలిపోవును. అప్పుడు కోసిన మోపులో మిగులునది పుల్లలే. తూకమునకు బరువుండును, మందుండదు.

గాజు పళ్లెములో జరిగినది, మనిషిలో జరిగినది

వైరసు జబ్బులపై మొక్కల మందులను గూర్చి పత్రికలలో వచ్చు వార్తలను చదువునప్పుడు ఒక భేదమును పాటింపవలెను. గాజు పళ్లెములో పెంచిన కణములపై జరిగిన పరీక్ష వేరు, మనుష్యులపై జరిగిన పరీక్ష వేరు. కరోనా వైరసు సోకిన మనిషి ఊపిరితిత్తుల కణములపై నేలవేము సారమును, ఆండ్రోగ్రాఫోలైడును థాయిలాండు శాస్త్రజ్ఞులు ప్రయోగించి, వైరసు వృద్ధి బాగుగా తగ్గినట్లు 2021లో ప్రకటించిరి. వైరసు తన మాంసకృత్తులను తగిన తునకలుగా కత్తిరించుకొనుటకు వాడు ఒక ఎంజైమును ఈ పదార్థము అడ్డగించునని ఇతరులు చూపిరి. శరీరములో వాపును రేపు సంకేతములను ఇది అణచునని అంతకు పూర్వమే తెలియును. ఇవన్నియు నిజమే.

అయినను పురుగుమందు విషయమున మనము దీనిని ఎరుగనిది కాదు. సీసాలోని పురుగు చచ్చినంత మాత్రమున చేనిలోని పురుగు చచ్చునా? మందు ఆకుపై నిలువవలెను, ఎండకు చెడకుండ నుండవలెను, పురుగు ఉన్న చోటికి చేరవలెను, పైరును చెరుపకుండ నుండవలెను. మనిషి విషయమున ఈ చిక్కులు మరింత ఎక్కువ. నోటితో పుచ్చుకొన్న ఆండ్రోగ్రాఫోలైడులో రక్తమునకు చేరునది స్వల్పము. చేరినదానిని కూడ శరీరము త్వరగా మార్చివేయును. గాజు పళ్లెములో వైరసును అణచిన మోతాదు ఊపిరితిత్తులలో నిలుచునని ఆ పరీక్ష చెప్పదు.

ఇక మనుష్యులపై జరిగిన పరీక్షలు. మామూలు దగ్గు, రొంప, గొంతునొప్పి విషయమున జరిగిన 33 పరీక్షలను, మొత్తము 7,175 మంది రోగుల వివరములను ఒకచోట చేర్చి పరిశీలించిన వ్యాసము ఒకటి 2017లో వెలువడినది. నేలవేము పుచ్చుకొన్నవారికి దగ్గు, గొంతునొప్పి కొంత ముందుగా తగ్గినట్లు అందు తేలినది. కాని ఆ పరీక్షలలో చాలవాటిని సరియైన పద్ధతిలో నడపలేదని కూడ ఆ పరిశీలకులే వ్రాసిరి. నా అభిప్రాయమున ఇది తీసివేయదగిన సాక్ష్యము కాదు, గట్టి సాక్ష్యమును కాదు. రొంప దానంతటది కూడ వారమునకు తగ్గును గదా.

కరోనా విషయమున థాయిలాండు ప్రభుత్వము 2020 డిసెంబరులో ఒక అడుగు ముందుకు వేసి, జబ్బు తేలికగా నున్నవారికి నేలవేము సారమును ఇచ్చుటకు అనుమతించెను. దినమునకు 180 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రాఫోలైడు వచ్చునట్లు, మూడు దఫాలుగా, ఐదు దినములు ఇచ్చుట వారి పద్ధతి. దీనిపై జరిగిన ఒక చిన్న పరీక్ష కథ మీరు వినదగినది. మందు పుచ్చుకొన్న 29 మందిలో ఒక్కరికిని న్యుమోనియా రాలేదు. మందు లేని ఉత్త గుళికలు పుచ్చుకొన్న 28 మందిలో ముగ్గురికి వచ్చినది. మందు పని చేసినదని 2021లో ప్రకటన వెలువడినది. అది తోటి శాస్త్రజ్ఞుల పరిశీలన పూర్తికాక ముందు వెలువడిన ప్రకటన. తరువాత లెక్కలో పొరపాటు దొర్లినట్లు తేలి, అదే సంవత్సరము ఆ ప్రకటనను వెనుకకు తీసికొనిరి.

ఆ పొరపాటు ఏమిటో మన భాషలో చెప్పెదను. మీకు ప్రక్కప్రక్కనే రెండు మళ్లున్నవి. ఒకదానిలో 29 వంగ మొక్కలు, రెండవదానిలో 28. మొదటి మడికి ఒక కొత్త ఎరువు వేసితిరి. రెండవ మడిలో మూడు మొక్కలు ఎండినవి, మొదటిదానిలో ఒక్కటియు ఎండలేదు. ఇది ఎరువు మహిమ యేనా? 57 మొక్కలలో ఏవో మూడు ఎండవలసియున్నప్పుడు, ఆ మూడును ఎరువు వేయని మడిలోనే పడుట కేవలము అదృష్టము వలన కూడ సుమారు తొమ్మిది సారులకొకసారి జరుగును. శాస్త్రజ్ఞులు మామూలుగా ఇరువదింట ఒకటి కంటె తక్కువ అయినప్పుడే "ఇది అదృష్టము కాదు" అని ఒప్పుకొందురు. కాబట్టి మందు పని చేయలేదని ఆ పరీక్ష చెప్పలేదు, చేసినదనియు చెప్పలేదు. పెద్ద పరీక్ష అవసరమని మాత్రమే చెప్పినది. మా శాఖ ప్రదర్శన క్షేత్రములలో ఒక్క మడి చూచి పొంగిపోయి, మరుసటి యేడు అదే పద్ధతి తప్పిపోగా నేను తల వంచుకొనిన సందర్భములున్నవి. అందుచేత ఆ పరిశోధకులను నేను ఎగతాళి చేయను. తప్పు తెలిసినప్పుడు వెనుకకు తీసికొనుట మంచి పనియే.

మా యింటిలో జరిగినది

2021 మే నెలలో ఎట్టి దినములు గడచినవో మీరెరుగుదురు. ఆకుమందు కొరకు నెల్లూరు జిల్లా కృష్ణపట్నమునకు జనము వేలాదిగా తరలిపోయిన నెల అది. ఆ నెలలోనే మా మేనమామకు జ్వరము, దగ్గు వచ్చినవి. ఆయన దొడ్డిలోని నేలవేమునే కాచి మూడు పూటల త్రాగెను. నాలుగవ దినమునకు జ్వరము తగ్గినది, గొంతునొప్పియు తగ్గినది. "చూచితివిరా అబ్బాయీ, మీ చదువులు ఎందుకు?" అని నాకు ఫోనులో చెప్పెను. నేనును సంతోషించితిని. ఇందు నా తప్పు కూడ ఉన్నది. ఏడవ దినమున స్నానమునకు లేచి నాలుగడుగులు వేయునప్పటికి ఆయన కూలబడెను. వేలికి పెట్టు యంత్రములో ప్రాణవాయువు 84 చూపినది. ఆసుపత్రిలో మంచము దొరకుటకు ఆరు గంటలు పట్టినది. ప్రాణము దక్కినది గాని, మూడు వారములు అక్కడనే యుండవలసి వచ్చినది. నేటికిని కాలువ గట్టు ఎక్కునప్పుడు మధ్యలో ఒకసారి నిలువబడును.

కషాయము ఆయనకు హాని చేసినదని నేను అనను. అది ఆయనకు ధైర్యమిచ్చినది, ఆ ధైర్యమే ఆలస్యము చేయించినది. ఊపిరితిత్తులకు పట్టు వైరసు జబ్బులలో జ్వరము తగ్గిన పిదప కూడ, రెండవ వారము సమీపించునప్పుడు, శ్వాస చెడవచ్చును. కరోనాలో మనిషికి ఆయాసము తెలియకుండగనే ప్రాణవాయువు తగ్గిపోవుటయు కలదు. కాబట్టి కషాయము త్రాగువారు త్రాగుచునే, వేలి యంత్రముతో పూటపూటకు చూచుకొని, 94 కంటె తక్కువ చూపిన తోడనే వైద్యుని వద్దకు పోవలెను. వృద్ధులు, మధుమేహము గలవారు అంతవరకు కూడ ఆగరాదు. గర్భిణీ స్త్రీలు నేలవేమును అసలు పుచ్చుకొనరాదు. రక్తపుపోటుకు, రక్తము పలుచబడుటకు మందులు వాడువారు వైద్యుని అడుగక త్రాగరాదు. నేలవేము కలిసిన మందుల వలన కొందరికి తీవ్రమైన దద్దురు, ఊపిరాడకుండుట కలిగినట్లు ఆస్ట్రేలియా ఔషధ శాఖ 2015లో హెచ్చరించినది. చెట్టు మందు గదా, చెరుపు చేయదు అను మాట సరికాదు. ఉమ్మెత్తయు చెట్టే, గన్నేరును చెట్టే.

కషాయము కొలత విషయమున ఒక చిన్న లెక్క చూడుడు. ఆకులో రెండు పాళ్లు మందున్నదనుకొన్నచో, థాయిలాండువారి 180 మిల్లీగ్రాములు 9 గ్రాముల ఎండుటాకులో నుండును. ముదిరిన చెట్టు నుండి కోసిన ఆకులో అరపాలు మాత్రమే యున్నచో 36 గ్రాములు కావలెను. అదియును మందంతయు బయటికి వచ్చినప్పటి మాట. ఇది నీటిలో సరిగా కరగదని ముందే చెప్పితిని. కావున ఇంట కాచిన గ్లాసెడు కషాయములో ఎంత మందున్నదో కాచినవారికి తెలియదు, త్రాగినవారికి తెలియదు. ఈ లెక్కను మీరు ఇంటిలో ఆచరించుటకు వ్రాయలేదు. పరీక్షలలో వాడిన తూచిన గుళికకును, మన పొయ్యిమీది కుండకును గల దూరము తెలియుటకు వ్రాసితిని.

చెట్టు నుండి మందుబిళ్ల వరకు

చెట్టు నుండి నిజముగ మందు పుట్టిన సందర్భములు లేకపోలేదు. అడ్డసరపు ఆకులోని వాసిసిను అను పదార్థమును ఆధారము చేసికొని, దాని నిర్మాణమును మార్చి బ్రోంహెక్సిను అను మందును తయారుచేసిరి. అది 1960 దశకము నుండి దగ్గుమందులలో వాడుకలో నున్నది. అది వైరసును చంపదు, కఫమును పలుచన చేయును. మరియొకటి మీ వంటింటి అనాసపువ్వు. దీనినుండి తీయు షికిమిక్ ఆమ్లముతో, అనేక దశల రసాయన క్రియల పిమ్మట, ఫ్లూ జబ్బునకు వాడు ఒసెల్టామివిర్ అను మందు తయారగును. అమెరికాలో దానికి 1999లో అనుమతి వచ్చినది. అనాసపువ్వును అట్లే నమిలిన ఫ్లూ తగ్గునా? తగ్గదు. షికిమిక్ ఆమ్లమునకు ఆ శక్తి లేదు. పైగా దాని పోలికగల జపాను దేశపు అనాసపువ్వు విషము. షికిమిక్ ఆమ్లమును 1885లో మొదట వేరుచేసినది ఆ విషపు జాతి నుండియే!

రైతునకు పనికివచ్చు సంగతి అనాసపువ్వు కథలో మరొకటి కలదు. 2005లో పక్షుల ఫ్లూ భయము వలన లోకమంతట ఈ మందునకు గిరాకి పెరిగి, చైనాలో అనాసపువ్వునకు ధర ఎగసినది. పిమ్మట కార్మాగారములలో సూక్ష్మజీవులను పులియబెట్టి అదే ఆమ్లమును తీయు పద్ధతియు వ్యాపించినది. చెట్టు వేసిన రైతు కాయకు వచ్చువరకు ఆరేడు సంవత్సరములు ఆగవలెను, కార్మాగారము ఆగదు.

సాగు చేయదలచినవారికి

నేలవేమునకు మందు కంపెనీల నుండి గిరాకి కరోనాకు ముందును కలదు, నేటికిని కలదు. కాలేయపు మందులలోను, జ్వరపు చూర్ణములలోను ఇది చేరును. 2020లో తమిళనాడులో పంచిన కబసుర కుడినీరు అను 15 దినుసుల చూర్ణములో ఇదియు, అడ్డసరమును కలవు. అయితే వార్తలను చూచి పుట్టిన గిరాకి వేరు, నిలుకడగల గిరాకి వేరు. మా మండలములో ఒక రైతు 2021లో ఒక వర్తకుని నోటిమాట నమ్మి రెండెకరములు వేసెను. చెట్టు బాగుగనే పెరిగినది. గింజ కూడ అమ్ముకొనవచ్చునని ఆశపడి, కాయలు పండువరకు ఆగి కోసెను. వర్తకుడు నమూనాను పరీక్షకు పంపి, మందు శాతము చాలదని సరకును దించుకొనలేదు. ఆ మోపులు ఇంటి వసారాలో ఒక వర్షాకాలము గడిపి బూజు పట్టినవి. ముందుగా నన్ను అడిగి యుండిన బాగుండునని అనుకొంటిని. కాని అడిగినచో కోత సమయము నాకు మాత్రము సరిగా తెలియునా? ఆ తరువాతనే నేనును చదివి తెలిసికొంటిని.

విత్తనము బహు సన్నము. కొత్త గింజ కొన్ని నెలలవరకు మొలవదు, కావున కిందటి యేటి గింజ తీసికొనవలెను. ఎకరమునకు సుమారు 160 గ్రాములు చాలును. పది మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు గల ఒక నారుమడి ఎకరమునకు సరిపోవును. మే చివర గింజను సన్నని ఇసుకతో కలిపి చల్లి, పైన పలుచగ చివికిన ఎరువు చల్లి, గడ్డి కప్పి, పూల కుండతో తడుపుచుండవలెను. మొలక కనబడగనే గడ్డి తీయవలెను. నెల దినముల నారును తొలకరి వానలకు వరుసకు వరుసకు 30 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 15 సెంటీమీటర్ల దూరమున నాటవలెను. నీరు నిలుచు చేలు పనికిరావు. పశువుల ఎరువు బాగుగ వేసినచో చాలును. మొదటి నెల కలుపు తీసిన, పిదప మొక్కయే నేలను కప్పుకొనును. లక్నోలోని కేంద్ర ఔషధ సుగంధ మొక్కల పరిశోధన సంస్థ సిమ్-మేఘ అను రకమును విడుదల చేసినది. ఆ సంస్థ శాఖ హైదరాబాదు దాపున బోడుప్పల్‌లో కలదు. విత్తనమునకు, సలహాకు అచ్చట విచారింపవచ్చును.

నాటిన 90 నుండి 110 దినములలో మొక్క పూత పట్టుట మొదలగును. ఇదియే కోత సమయము. చేనిలో అక్కడక్కడ తెల్లపూలు కనబడిన వారములోనే కొడవలి పెట్టవలెను, కాయ కొరకు ఆగరాదు. గింజ కావలసినవారు రెండు సాళ్లను వేరుగ వదలుకొనవచ్చును. నేలకు పది పదునైదు సెంటీమీటర్లు విడిచి కోసి, తేమ, కొంచెము ఎరువు అందించినచో రెండు నెలలకు మరియొక కోత వచ్చును. ఎండిన సరకు ఎకరమునకు ఎనిమిది నుండి పదునైదు క్వింటాళ్లవరకు దిగుబడి యగును. నీడలో, గాలి తగులు చోట, పలుచగ పరచి ఆరబెట్టవలెను. ఆకు చేతిలో నలిపిన పొడియై రాలవలెను. తేమ పట్టినను, ఏండ్ల తరబడి నిలువ యుంచినను మందు తగ్గును. కనుక ఆ యేటి సరకు ఆ యేడే అమ్ముకొనుట మేలు. ఆకును, పుల్లను వేరుచేసి సంచులకు ఎత్తినచో ఆకు సంచికి మంచి ధర అడుగవచ్చును.

మొదటి యేడు ఇరువది సెంట్లకు మించి వేయకుడు. కొనువాడు ఎవరో, ఏ శాతమునకు ఏ ధర ఇచ్చునో, సరకు ఎవరి ఖర్చుతో చేరవలెనో నారు పోయక ముందే కాగితముపై వ్రాయించుకొనుడు. శాతము పరీక్ష ఎచ్చట చేయింతురో కూడ అందు వ్రాయించుడు. కోత దినమున చేని నాలుగు మూలలనుండి, నడుమ నుండి పిడికెడేసి ఆకు తీసి, కలిపి, ఆరబెట్టి రెండు పొట్లములు కట్టవలెను. ఒకటి కొనువానికి ఇచ్చి, రెండవదానిపై తేదీ వ్రాసి, ఇద్దరును సంతకము చేసి, మీ యింట పొడి చోట నుంచుకొనుడు. తగాదా వచ్చినప్పుడు ఆ రెండవ పొట్లమును మరియొక ప్రయోగశాలకు పంపవచ్చును. నమూనా ఎట్లు తీయవలెనో చూపించుమని కోరినవారి చేనికి పూత వేళకు నేనే వచ్చెదను. రెండు దినములు ముందుగా కబురు చేసిన చాలును.